పిజ్జా ఓవెన్‌లో ఎలిమెంట్ మార్చే ముందు ప్లగ్ చూడండి
ఓవెన్ 250 డిగ్రీల దగ్గర ఆగిపోతోందని 1200 వాట్ల ఎలిమెంట్ పీకేసి 2000 వాట్లది బిగిస్తున్నారు కొందరు. నేపుల్స్ స్టైల్ పిజ్జాకి 430 డిగ్రీలు దాటాలి, నిజమే. కానీ లెక్క చూడండి. 230 వోల్టుల దగ్గర 5.2 ఆంపియర్లు కాస్తా 8.7 అవుతాయి. మీది 6 ఆంపియర్ల సాకెట్ అయితే పిజ్జా కంటే ముందు అదే కాలుతుంది!

అసలు 250 దగ్గర ఆపుతున్నది థర్మోస్టాట్. ఎలిమెంట్ మార్చినంత మాత్రాన ఆ లిమిట్ పెరగదు, త్వరగా వేడెక్కుతుందంతే. పోనీ థర్మోస్టాట్‌ని బైపాస్ చేద్దామా అంటే, లోపలి వైర్లు, డోర్ గ్లాస్ ఆ వేడికి చేసినవి కావు. ఫోన్ ఓవర్‌క్లాక్ చేస్తే మహా అయితే హ్యాంగ్ అవుతుంది. ఇక్కడ ఇల్లే అంటుకోవచ్చు.

నేనైతే మందపాటి పిజ్జా స్టోన్ కొంటా. పై ఎలిమెంట్‌కి దగ్గరగా పెట్టి 45 నిమిషాలు ప్రీహీట్ చేయండి. 90 సెకన్లలో కాకపోయినా ఏడెనిమిది నిమిషాల్లో అడుగు కరకరలాడుతూ వస్తుంది. వారంటీ కూడా పోదు.