గుమ్మడికాయ పక్కన గసగసాల గింజ

1947 ఫిబ్రవరి 12. సోవియట్ యూనియన్ తూర్పు కొసన ఇమాన్ అనే ఊరు. పొద్దున పది దాటింది. మెద్వెదేవ్ అనే చిత్రకారుడు కిటికీ దగ్గర కూర్చుని బయట కనిపించేదాన్ని గీయడం అప్పుడే మొదలుపెట్టాడు. ఇంతలో సూర్యుణ్ని మించిన వెలుగుతో ఒక నిప్పుముద్ద ఆకాశంలో దూసుకుపోయింది. నేల మీద నీడలు కదిలాయి. దాని వెనక మిగిలిన పొగచార గంటల తరబడి చెదరలేదు. మెద్వెదేవ్ ఆ మొదటి బొమ్మ మాట మరిచి, చూసింది చూసినట్టు గీశాడు. సిఖోతె అలీన్ కొండల్లో పడిన ఆ ఇనుప ఉల్క ముక్కలై నేలలో వందకు పైగా గుంటలు చేసింది. అన్నిటికన్నా పెద్ద గుంట వెడల్పు సుమారు 26 మీటర్లు. పదేళ్లకు, 1957లో, సోవియట్ తపాలా శాఖ ఆ చిత్రాన్నే స్టాంపుగా వేసింది.

ఆకాశం నుంచి రాయి వస్తుండగా కళ్లారా చూసి గీసిన చిత్రకారులు అరుదు. 1860 జులై 20 రాత్రి అమెరికా మీదుగా వరసకట్టి సాగిపోయిన ఉల్కల్ని ఫ్రెడరిక్ చర్చ్ కాన్వాసుకెక్కించాడు. అంతకు ముందు, 1492లో ఎన్సిస్‌హైమ్ పట్టణం దగ్గర పొలంలో రాయి పడితే, సెబాస్టియన్ బ్రాంట్ ఆ వార్తను పద్యంగా రాసి, చెక్క అచ్చు బొమ్మతో కరపత్రంగా పంచాడు. ఇలాంటివి ఇంకొన్ని ఉంటాయి. మిగతావన్నీ చూడనివాళ్లు గీసినవే. అందులో తప్పేమీ లేదు. కోట్ల ఏళ్ల కిందటి తాకిడిని ఎవరు చూడగలరు? చూడనిదాన్ని గీసేటప్పుడు చిత్రకారుడు దేన్ని ఆధారం చేసుకున్నాడు, ఆ బొమ్మను వాడుకునేవాళ్లు దేన్ని గాలికి వదిలేశారు అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న ఇప్పుడు ఎందుకంటే, 2024 డిసెంబర్ 27న చిలీలోని ఒక టెలిస్కోపు 2024 వైఆర్4 అనే గ్రహశకలాన్ని పట్టుకుంది. అది 2032 డిసెంబర్‌లో భూమిని ఢీకొనే అవకాశం లెక్కల్లో పెరుగుతూ వచ్చి, 2025 ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతానికి చేరింది. మరిన్ని పరిశీలనలు అందాక వారం తిరక్కుండానే దాదాపు సున్నాకు పడిపోయింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా టీవీ తెరల మీద, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లలో ఒకే రకం బొమ్మ కనిపిస్తుంది. భూగోళంలో పావు వంతు ఉండే రాయి, చుట్టూ మంటలు, కింద పగిలిపోతున్న ఖండాలు. వైఆర్4 అడ్డుకొలత సుమారు 60 మీటర్లు. అంటే చార్మినార్ ఎత్తుకు కాస్త అటూ ఇటూ. అలాంటిది ఒక నగరాన్ని తుడిచిపెట్టగలదు. 1908లో సైబీరియాలోని తుంగుస్కా దగ్గర ఆకాశంలోనే పేలిన శకలం రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని నేలకూల్చింది. ఆ నిజమే గుండె గుభేలుమనిపించేది. దానికి ప్రళయం రంగు పూయడమెందుకు?

ఒక చిన్న లెక్క వేస్తే సంగతి తేలిపోతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పున్న గుమ్మడికాయను వంటింటి గట్టు మీద పెట్టి, అదే భూమి అనుకోవాలి. డైనోసార్ల అంతానికి కారణమైన శకలం వెడల్పు సుమారు 10 కిలోమీటర్లు. గుమ్మడికాయ కొలతలో అది పావు మిల్లీమీటరు. పక్కన గసగసాల గింజ పెడితే, అందులో నాలుగో వంతు. ఆవగింజ పెట్టినా అతిశయోక్తే. ఇక వైఆర్4 అయితే కంటికి ఆనదు. బాక్టీరియాను చూసినట్టు మైక్రోస్కోపులో చూడాలి.

మరి ఆ ప్రళయం బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ కోవలో అందరికన్నా ఎక్కువ చేతులు మారినది డాన్ డేవిస్ నాసా కోసం వేసిన చిత్రం. మహా పర్వతంలాంటి గోళం భూమి పైపొరను చీల్చుకుంటూ దిగుతుంటుంది, అంచుల వెంట కరిగిన శిల ఎగసిపడుతుంటుంది. అది డైనోసార్ల కథ కాదు. భూమి పుట్టిన తొలి రోజుల్లో సుమారు 500 కిలోమీటర్ల శకలం ఢీకొంటే ఏమవుతుందో చూపే చిత్రం. గుమ్మడికాయ లెక్కలో అది గసగసాల గింజ కాదు, పెద్ద కాబూలీ శనగ. అంతటిది తాకితే సముద్రాలు ఆవిరైపోతాయి, జీవమే మిగలదు. నాసా బొమ్మలు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు కాబట్టి, దాన్ని తీసుకున్నవాళ్లు కింద ఉన్న వివరాన్ని వదిలేసి, డైనోసార్ల వ్యాసానికీ అదే, చార్మినారంత రాయి వార్తకూ అదే అతికించారు. చిత్రకారుడు లెక్క తప్పలేదు. తప్పింది అతికించినవాళ్లు.

డైనోసార్ల తాకిడిని కూడా డేవిస్ విడిగా గీశాడు. అందులో చూపు ఆకాశంలో ఉంటుంది. టెరోసార్లు రెక్కలు చాచి ఎగురుతుంటాయి, దూరాన లోతులేని సముద్రంలో పేలుడు. ఈ దృశ్యం వెనక గట్టి ఆధారం ఉంది. 1980లో లూయీ అల్వారెజ్, ఆయన కుమారుడు వాల్టర్, వారి సహచరులు ఇటలీలోని గుబ్బియో దగ్గర సెంటీమీటరు మందం బంకమట్టి పొరలో ఇరిడియం మామూలు కన్నా దాదాపు 30 రెట్లు ఉందని చెప్పారు. ఆ లోహం భూమి పైపొరలో అరుదు, గ్రహశకలాల్లో ఎక్కువ. 1991లో మెక్సికోలోని చిక్షులూబ్ దగ్గర, నేల కింద పూడిపోయిన సుమారు 180 కిలోమీటర్ల బిలం ఆ తాకిడిదేనని తేల్చారు. వయసు 6.6 కోట్ల ఏళ్లు.

ఆ క్షణాన్ని గీయడం ఎంత కష్టమో ఆలోచించాలి. శకలం వేగం సెకనుకు సుమారు 20 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ దూరాన్ని పావు నిమిషంలో దాటే వేగం. దాని అడుగు సముద్రాన్ని తాకే వేళకు పైకొన ఇంకా ఎవరెస్టు కన్నా ఎత్తున, విమానాలు తిరిగే చోట ఉంటుంది. వాతావరణాన్ని చీల్చుకు రావడానికి పట్టేది కొన్ని సెకన్లు. పిల్లల పుస్తకాల్లో టైరనోసారస్ తలెత్తి తాపీగా తోకచుక్కను చూస్తున్నట్టు వేసే బొమ్మలో అంత తీరిక ఎక్కడిది?

ఆధారాన్ని గౌరవించిన కుంచెకూ, అందాన్ని నమ్ముకున్న కుంచెకూ తేడా చంద్రుడి బొమ్మల్లో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అమెరికా చిత్రకారుడు చెస్లీ బోన్‌స్టెల్ వాస్తుశిల్పం నుంచి వచ్చినవాడు. 1944లో లైఫ్ పత్రికలో అచ్చయిన ఆయన శనిగ్రహ చిత్రాలు ఒక తరాన్నే అంతరిక్షం వైపు తిప్పాయి. 1957లో బోస్టన్ సైన్స్ మ్యూజియం గోడకు నలభై అడుగుల పొడవున చంద్రుడి నేలను గీసిచ్చాడు. కత్తి అంచుల్లాంటి శిఖరాలు, నిట్రంగా లేచిన కొండలు. అక్కడ గాలి లేదు, వాన లేదు, కొండను అరగదీసేది ఏముంది అన్నది ఆనాటి తర్కం.

బోన్‌స్టెల్ కన్నా ముందే ఫ్రాన్స్‌లో లూసియెన్ రూడో అనే ఖగోళ పరిశీలకుడు, చిత్రకారుడు ఉండేవాడు. నార్మండీ తీరంలో సొంత టెలిస్కోపు పెట్టుకున్నాడు. ఆయన చంద్రుణ్ని నట్టనడుమ చూసి ఊరుకోలేదు. అంచును చూశాడు. అంచు దగ్గర కొండలు నల్లటి ఆకాశం మీద పక్క నుంచి, ఉన్న ఆకారంలో కనపడతాయి. అవి మొనదేలి లేవు. పాత గుట్టల్లా గుండ్రంగా, వాలుగా ఉన్నాయి. రూడో అలాగే గీశాడు. 1937లో వచ్చిన ఆయన పుస్తకంలో చంద్రుడి కొండలు సాదాసీదాగా కనిపిస్తాయి. అపోలో యాత్రికులు 1969 నుంచి పంపిన ఫోటోల్లో ఉన్నవి రూడో కొండలే. బోస్టన్ మ్యూజియం 1970లో ఆ పెద్ద గోడ చిత్రాన్ని దించేసింది. తర్వాత అది స్మిత్‌సోనియన్‌కు చేరింది.

గాలీ వానా లేని చోట ఆ కొండల్ని అరగదీసింది తాకిళ్లే. ఇసుక రేణువంత ఉల్కల నుంచి కొండంత శకలాల దాకా, వందల కోట్ల ఏళ్లుగా ఎడతెగకుండా కొడుతూ చంద్రుడి నేలను పిండి చేశాయి. నేలకు వాన ఎలాగో, చంద్రుడికి ఉల్కలు అలాగ. బోన్‌స్టెల్ కుంచె వదిలేసింది ఆ వానను. తాకిడి అంటే ఒకే ఒక్క మహా విస్ఫోటనం అని అనుకుంటే కలిగే నష్టం ఇది. కంటికి ఆనని లక్షల కోట్ల తాకిళ్లు బొమ్మలోంచి జారిపోతాయి.

చిత్రకారుడి చూపు శాస్త్రానికి నేరుగా పనికొచ్చిన కథలూ ఉన్నాయి. 1960ల మొదట్లో అరిజోనాలో విలియం హార్ట్‌మన్ అనే విద్యార్థి, జెరార్డ్ కైపర్ దగ్గర పనిచేస్తుండేవాడు. టెలిస్కోపుతో తీసిన చంద్రుడి ఫోటోలను ఒక తెల్లటి అర్ధగోళం మీద ప్రొజెక్టర్‌తో పడేలా చేసేవారు. అప్పుడు పక్కకు నడిచి వెళ్లి, భూమి నుంచి వాలుగా మాత్రమే కనిపించే అంచు భాగాన్ని ఎదురుగా నిలబడి చూడొచ్చు. అలా చూస్తే, అంచున పీలికల్లా కనిపించే కొండలు నిజానికి ఒకదాని చుట్టూ ఒకటి గీసిన వలయాలని తేలింది. ఓరియంటాలె అనే మహా బిలం అది. ఒక పెద్ద శకలం తాకితే నేల చెరువులో అలల్లా వలయాలై గట్టిపడినట్టు. హార్ట్‌మన్ 1975లో సహశాస్త్రవేత్తతో కలిసి, పసి భూమిని ఒక గ్రహమంత గోళం ఢీకొన్నప్పుడు ఎగిరిన శిథిలాలతో చంద్రుడు పుట్టాడన్న ప్రతిపాదన చేశాడు. ఆ దృశ్యాన్ని తానే రంగుల్లో గీశాడు. పరిశోధన వ్యాసం, కాన్వాసు ఒకే మనిషి చేతిలోంచి వచ్చాయి.

గ్రహశకలాల రూపం విషయంలో మాత్రం ప్రకృతి చిత్రకారులందరినీ ఓడించింది. దశాబ్దాలుగా గీసింది ఒకటే: బిలాలతో నిండిన గట్టి రాతి బంగాళాదుంప. 1991లో గెలీలియో నౌక గాస్ప్రా అనే గ్రహశకలాన్ని దగ్గర నుంచి ఫోటో తీసినప్పుడు ఆ ఊహ నిజమే అనిపించింది. 2005లో జపాన్ నౌక హయబుసా ఇటోకావాను చేరేసరికి అక్కడ గుట్టపోసిన రాళ్లు, కంకర. బెన్ను మీద మెత్తటి ఇసుక నేల ఉంటుందనుకుని వెళ్లిన ఒసైరిస్ రెక్స్‌కు 2018లో ఎటు చూసినా బండలే ఎదురయ్యాయి. 2022 సెప్టెంబర్ 26న డార్ట్ నౌక సుమారు 160 మీటర్ల డైమార్ఫస్‌ను ఢీకొనే ముందు చివరి క్షణాల్లో పంపిన ఫోటోల్లోనూ అంతే, రాళ్ల కుప్ప. ఆ తాకిడితో డైమార్ఫస్ తన జంట చుట్టూ తిరిగే సమయం అరగంటకు పైగా తగ్గింది. ఇలాంటి కుప్ప భూమి మీదికి వస్తే ఎలా చెదురుతుందో గీయడానికి కొత్త కుంచెలు కావాలి.

డైనోసార్ల అంతాన్ని గీయడానికీ కొత్త కుంచెలు కావాలి. వాటిలో ఒకటి గోదావరి తీరం నుంచి రావచ్చు. చిక్షులూబ్ తాకిడి కాలానికి అటూ ఇటూ దక్కన్ పీఠభూమిలో లావా పొంగి ప్రవహించింది. పశ్చిమ కనుమల వైపు పుట్టిన ప్రవాహాల్లో కొన్ని సుమారు వెయ్యి కిలోమీటర్లు సాగి రాజమండ్రి దాకా వచ్చాయని శాస్త్రవేత్తలు గుర్తించారు. కాటేరు, పంగిడి, గౌరీపట్నం ప్రాంతాల్లో కంకర కోసం కొట్టే నల్లరాయి అదే. రెండు లావా పొరల నడుమ, అప్పటి సముద్రపు అంచున పేరుకున్న సున్నపురాయి, అందులో గవ్వల శిలాజాలు. ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం ఈ పొరలను పరిశీలించింది. డైనోసార్ల అంతంలో లావా వాటా ఎంత, శకలం వాటా ఎంత అన్న వాదనలో ఈ క్వారీలకూ చోటుంది. ఆ కాలాన్ని గీసే బొమ్మల్లో తరచూ మెక్సికో సముద్రమే ఉంటుంది. ఇటు వైపు కనిపించేది వేరు: మందకొడిగా పాకే లావా, ఆవిరి చిమ్మే నదీముఖం, బురదలో గవ్వలు. తెలుగు బడిపిల్లలు బస్సెక్కి వెళ్లి తాకగల రాయి అది. ఆ రాయిని చూసి గీసిన బొమ్మ పాఠ్యపుస్తకంలో ఉంటే పాఠం ఎంత దగ్గరవుతుంది!

అందుకే పత్రికల డెస్కులను, చానెళ్ల గ్రాఫిక్స్ గదులను అడగాల్సినవి మూడు. బొమ్మ కింద అది ఊహాచిత్రం అని రాయాలి. గీసినవారి పేరు వేయాలి. శకలం ఎంత, భూమి ఎంత అన్న కొలత ఒక మూలనైనా చూపాలి. వీటికి ఖర్చు లేదు, రెండు నిమిషాల శ్రద్ధ చాలు. ప్రళయం బొమ్మకు అలవాటు పడిన పాఠకుడు రేపు నిజంగా హెచ్చరిక వచ్చినా పేజీ తిప్పేస్తాడు.

పరీక్ష మరీ దూరం లేదు. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే గ్రహశకలం భూమికి సుమారు 32 వేల కిలోమీటర్ల ఎత్తులో వెళ్తుంది. టీవీ ప్రసారాలు అందించే భూస్థిర ఉపగ్రహాలు ఉన్నదానికన్నా దగ్గర. వెడల్పు సుమారు 340 మీటర్లు. ఢీకొనదు, రాబోయే నూరేళ్లలోనూ ఆ ప్రమాదం లేదు. ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో చాలామందికి అది టెలిస్కోపు లేకుండానే కనిపిస్తుంది. మంటలూ పొగా ఉండవు. నక్షత్రాల మధ్య నెమ్మదిగా జరిగే ఒక చుక్క, అంతే. మర్నాటి పత్రిక మొదటి పేజీలో నల్లటి ఆకాశం, అందులో ఆ చుక్క, పక్కన చిన్న బాణం గుర్తు వేస్తే, ఇమాన్‌లో ఆ రోజు కిటికీ దగ్గర మెద్వెదేవ్ చేసిన పనే చేసినట్టు.