మసీదు గేటుకు ఆ బోర్డు ఎందుకు, సదర్ సాబ్?

మా మొహల్లా మసీదు కమిటీ సదర్ సాబ్‌కూ, కమిటీ సభ్యులకూ,



పోయిన జుమా నాటికి మసీదు గేటు పక్కన కొత్త బోర్డు వెలిసింది. ఆకుపచ్చ రేకు మీద తెల్ల అక్షరాలు, పైన ఉర్దూ, కింద తెలుగు. ఈ మసీదు ఫలానా మస్లక్ వారిది, వేరే ఫిర్ఖాల వాళ్లు ఇక్కడ నమాజుకు రాకూడదు, వస్తే జరిగేదానికి కమిటీది బాధ్యత కాదు అని రాయించారు. ఆ చివరి మాటకు అర్థం ఏమిటి సదర్ సాబ్? అల్లాహ్ ఇంటికొచ్చి సజ్దా చేసే మనిషికి ఏం జరుగుతుంది? ఎవరు చేస్తారు?

సోమవారం ఇషాకే తెలిసిపోయింది. బస్టాండు దగ్గర బేకరీలో పనిచేసే కేరళ కుర్రాడు రెండో సఫ్‌లో నిలబడ్డాడు. ఇమాం సాబ్ ఫాతిహా ముగించగానే ఆమీన్ పైకి అన్నాడు. రుకూలోకి వెళ్తూ, లేస్తూ చేతులు భుజాల దాకా ఎత్తాడు. సలాం తిప్పీ తిప్పగానే కమిటీ మనిషి ఒకాయన వెళ్లి రెక్క పట్టుకుని లేపాడు. సున్నత్ కూడా చదువుకోనివ్వలేదు. "అహ్లె హదీస్ వాళ్లకు ఇక్కడ చోటు లేదు, బోర్డు కనబడలేదా?" అన్నాడు. ఆ పిల్లాడికి ఉర్దూ అంతంత మాత్రం, తెలుగు చదవలేడు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియక అందరి మొహాలూ చూశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇమాం సాబ్ ముసల్లా మీదే ఉన్నారు, ఒక్క మాట అనలేదు.

అతను అహ్లె హదీస్ కాదు, షాఫయీ. కేరళ ముస్లింలలో ఎక్కువమంది షాఫయీలే. రుకూకు ముందూ తర్వాతా చేతులెత్తడం, ఆమీన్ పైకి అనడం వాళ్ల ఫిఖ్‌లో ఉన్నాయి, మన హనఫీల్లో లేవు. నాలుగు మజ్‌హబ్‌లూ హక్కేనని సాయంత్రం మదర్సాలో మన పిల్లలకు నేర్పిస్తున్నది మీ కమిటీయే కదా? హైదరాబాద్ బార్కస్‌లో ఉన్న అరబ్బుల పూర్వీకులు నిజాం కొలువుకు హజ్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు, షాఫయీలు. అక్కడివాళ్లు రేపు మన ఊరికి పెళ్లికొస్తే గేటు దగ్గర ఆపి మజ్‌హబ్ అడుగుతారా? సరే, ఆ కుర్రాడు అహ్లె హదీసే అనుకుందాం. అప్పుడు మాత్రం నమాజు చదివే మనిషిని రెక్క పట్టి లేపే అధికారం ఎవరిచ్చారు?

ఫిత్నా రాకూడదనే ఆ బోర్డు పెట్టామని మీరు అన్నారట. ఫిత్నాను కళ్లారా చూసిన తరం ఏం చేసిందో మీకు తెలియనిది కాదు. ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ ఇంటిని తిరుగుబాటుదారులు చుట్టుముట్టిన రోజుల్లో మదీనా మసీదులో నమాజు చదివించింది వాళ్ల నాయకుడే. అతని వెనక నిలబడడానికి మనసొప్పడం లేదని ఒకరు వెళ్లి చెప్పుకుంటే, నమాజు మంచి పని, మంచి చేసేటప్పుడు వాళ్లతో కలవండి, చెడుకు మాత్రం దూరంగా ఉండండి అన్న అర్థంలో జవాబిచ్చారు ఖలీఫా. బుఖారీలో ఉందిది. ఆ ముట్టడిలోనే 656లో ఆయన ప్రాణం పోయింది. తన ప్రాణం తీయడానికి వచ్చినవాళ్ల వెనక కూడా నమాజు మానవద్దన్న మనిషి ఆయన.

అదే ఏడాది బస్రా దగ్గర జమల్ యుద్ధం, మరుసటి ఏడాది యూఫ్రటీస్ ఒడ్డున సిఫ్ఫీన్ యుద్ధం. రెండు వైపులా సహాబాలే. ఆ రోజుల గురించి చదువుతుంటే ఇప్పటికీ నాకు గుండె పట్టేస్తుంది. జమల్ ముగిశాక హజ్రత్ అలీ రెండు పక్షాల మృతులకూ జనాజా నమాజు చదివారని తబరీ రాశాడు. తనపై యుద్ధానికొచ్చిన బీబీ ఆయిషాను గౌరవంగా మదీనాకు సాగనంపారు. మరి నిరుడు మన ఖబరస్తాన్ గేటు బయట ఒక మయ్యత్‌ను ఆపి, మస్లక్ తేలేదాకా ఆ ఇంటివాళ్లను ఎండలో నిలబెట్టింది ఎవరు?

సిఫ్ఫీన్‌లో మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నందుకు ఖారిజీలు అలీనే కాఫిర్ అన్నారు. కూఫా మసీదులో ఆయన మాట్లాడుతుంటే లేచి నినాదాలు చేశారు. అలాంటివాళ్లకు ఆయన మూడు హామీలిచ్చారు: మసీదులకు రాకుండా మిమ్మల్ని అడ్డుకోం, మాతో చేయి కలిపి ఉన్నంతకాలం ఖజానా సొమ్ములో మీ వాటా ఆపం, మీరు మొదలుపెట్టనిదే మేం కత్తి దూయం. మొట్టమొదటి హామీ మసీదు గురించే, సదర్ సాబ్! ఆ తర్వాత వాళ్లు నెత్తురు చిందిస్తేనే 658లో నహ్రవాన్ యుద్ధం జరిగింది. చివరికి 661లో కూఫా మసీదులోనే వాళ్లలో ఒకడి కత్తికి ఆయన షహీద్ అయ్యారు. తనను కాఫిర్ అన్నవాడికి అలీ మూయని తలుపును, ఆమీన్ పైకి అన్నవాడికి మీరు మూశారు.

చరిత్రను మూటగట్టి అటక మీద పెడదామని నేను అనడం లేదు. ప్రవక్త గారు పోయిన నాడు సఖీఫాలో ఎవరు నాయకుడన్న మాట దగ్గర మొదలైన తేడా, 680లో కర్బలాలో ఇమాం హుసేన్ నెత్తురు దాకా వెళ్లింది. దాన్ని మర్చిపొమ్మని షియా సోదరులకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఎవరి ఇమాంను వాళ్లు ప్రేమించనివ్వండి, ఎవరి ఫిఖ్ ప్రకారం వాళ్లు చేతులు కట్టుకోనివ్వండి. 2005లో అమ్మాన్‌లో 50 దేశాల ఉలమాలు కూర్చుని ఎనిమిది మజ్‌హబ్‌లను పేరుపేరునా గుర్తించారు, షియాల జాఫరీ, జైదీలతో సహా. వాళ్లలో ఎవరినీ కాఫిర్ అనకూడదని తీర్మానించారు. అది మన ఊరికి ఇంకా చేరలేదా?

మక్కాలోనే కాబా చుట్టూ నాలుగు మజ్‌హబ్‌లకు నలుగురు ఇమాంలు, నాలుగు చోట్ల వేర్వేరుగా నమాజులు శతాబ్దాల పాటు సాగాయి. అందరినీ ఒకే ఇమాం వెనక నిలబెట్టింది 1920లలో సౌదీ పాలన వచ్చాక. మీరు ఉమ్రాకు వెళ్లొచ్చారు. హరమ్‌లో ఇమాం రుకూకు చేతులెత్తుతాడు, అంతమంది గొంతెత్తి ఆమీన్ అంటారు. ఆ సఫ్‌లో మీరూ నిలబడ్డారు. మీ నమాజు చెల్లిందా, లేదా? అక్కడ చెల్లింది ఇక్కడ ఎందుకు చెల్లదు?

ఇంకొకటి అడగాలి. 2025లో వక్ఫ్ సవరణ చట్టం మీద ఇదే గేటు ముందు నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని నిలబడ్డాం. పక్క వీధి షియా భాయీలు వచ్చారు, అహ్లె హదీస్ వాళ్లు, తబ్లీగీ సాథీలు వచ్చారు. మైకు పట్టుకుని ఆలె ఇమ్రాన్ సూరా 103వ ఆయత్ చదివి ఇత్తెహాద్ గురించి మాట్లాడింది మీరే. ఆ రోజు ఎవరి మస్లక్ అయినా అడిగారా? మసీదు వక్ఫ్ ఆస్తి, అల్లాహ్ పేరిట ఇచ్చేశాక ఎవరి సొంతమూ కాదని సర్కారుకు చెప్పాం. అదే మాట మన కమిటీకి వర్తించదా? ముస్లిం పర్సనల్ లా బోర్డు 1973లో మన హైదరాబాద్‌లోనే ఏర్పడింది. అన్ని మస్లక్‌ల వాళ్లూ ఒక బల్ల చుట్టూ కూర్చోగలిగారు. మనం ఒక సఫ్‌లో భుజం భుజం ఆనించి నిలబడలేమా?

తబ్లీగ్ జమాత్ పడకలు వరండాలోంచి బయట పెట్టించిన సంగతి, ఒకే వీధిలో రెండు రోజులు ఈద్ జరిగిన సంగతి ఇప్పుడు తవ్వను. అవన్నీ మీకు తెలుసు. ఓపిక పట్టాం, పట్టాం, ఇక చాలు అనిపిస్తోంది. మా పిల్లలు అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు?

ఈ బోర్డుకు కమిటీ తీర్మానం ఉందా? ఎవరెవరు సంతకం చేశారు? నెలనెలా చందా ఇచ్చే నమాజీలను ఎప్పుడు అడిగారు? రంజాన్‌కు ముందే ఏదో ఒకటి చేయండి. నాకు విడిగా కబురు పెట్టవద్దు, జుమా తర్వాత మైకులోనే అందరికీ చెప్పండి.

వస్సలాం,
ఈ మసీదు నమాజీ ఒకరు