ఫోన్ ముట్టుకోకుండా రివ్యూ రాయడం ఎలా? టికెట్ రూ.4,500!

గూగుల్‌లో 'రూ.15 వేలలో బెస్ట్ ఫోన్' అని ఒకసారి కొట్టి చూడండి. వచ్చే లిస్టుల్లో చాలావాటిలో ఆ ఫోన్ చేత్తో పట్టుకుని తీసిన ఫొటో ఒక్కటి కూడా కనపడదు. ఈ విద్య ఎక్కడ నేర్పుతారో నాకు పోయినేడాది తెలిసొచ్చింది. హైదరాబాద్‌లో ఒక సెర్చ్ మార్కెటింగ్ కాన్ఫరెన్స్‌కి రూ.4,500 పెట్టి టికెట్ కొని మరీ వెళ్లాను.

హాలు కిటకిటలాడుతోంది. నా చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది బీటెక్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాళ్లే. స్టేజీ మీద ఒకాయన "ఫోన్ కొనక్కర్లేదు బ్రో, స్పెక్స్ షీట్ చాలు" అన్నాడు. చప్పట్లు! నాకు మాత్రం ఒళ్లు మండింది. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చెప్పడానికి నేను ఒక్కో ఫోన్‌ని పది రోజులు జేబులో వేసుకుని తిరుగుతాను మరి.

ఇలాంటి సభల కథ పాతదే. డానీ సల్లివన్ అనే జర్నలిస్టు 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 'సెర్చ్ ఇంజిన్ స్ట్రాటజీస్' మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది గూగుల్ యాడ్‌వర్డ్స్ వచ్చింది, ఈ రంగంలోకి డబ్బు పారింది. 2007లో ఎస్‌ఎంఎక్స్ వచ్చింది. ఇంగ్లండ్‌లో ఒక పబ్బు మేడ మీద మొదలైన బ్రైటన్ ఎస్‌ఈఓకి ఇప్పుడు వేలమంది వస్తున్నారు. సల్లివన్ 2017లో ఏకంగా గూగుల్‌లోనే చేరిపోయాడు!

సరే, అక్కడ చెప్పే కిటుకులు నిజంగా పనిచేస్తాయా? 2009లో ఏం జరిగిందో చూడండి. అప్పట్లో 'పేజ్‌ర్యాంక్ స్కల్ప్టింగ్' అని ఒక కిటుకు తెగ నడిచింది. సైట్లో అక్కర్లేని లింకులకు నోఫాలో తగిలిస్తే, మిగతా పేజీలకు బలం పెరుగుతుందని లెక్క. సియాటిల్‌లో జరిగిన ఎస్‌ఎంఎక్స్ అడ్వాన్స్‌డ్‌లో గూగుల్ ఇంజినీర్ మాట్ కట్స్ అది ఇక పనిచేయదని బయటపెట్టాడు. ఆ మార్పు చేసి ఏడాది దాటిపోయిందని తర్వాత తన బ్లాగులో రాశాడు. అంటే అన్నాళ్లూ జనం డబ్బులిచ్చి నేర్చుకుంది చచ్చిన కిటుకు!

స్పెక్స్ షీట్ రివ్యూల సంగతీ అంతే. లోతుగా పరిశోధించి రాసిన రివ్యూలకు పెద్దపీట వేస్తామని గూగుల్ 2021 ఏప్రిల్లోనే ప్రకటించింది. అది పూర్తిగా అమలైందని నేననను, పైన చెప్పిన లిస్టులే సాక్ష్యం. కానీ స్టేజీ మీద ఆయన ఆ ముక్క ఎత్తనే లేదు.

నాకు పనికొచ్చిన మాట భోజనాల దగ్గర దొరికింది. వరంగల్‌లో మొబైల్ రిపేర్ షాపు నడిపే తమ్ముడొకడు కలిశాడు. రోజూ బాగుచేసిన ఫోన్ల ఫొటోలు తీసి, ఏం పోయింది, ఎంత ఖర్చయింది అని తెలుగులో సైట్లో పెడుతున్నాడట. "గిరాకీ దాన్ని చూసే వస్తోందన్నా" అన్నాడు. వాడిని స్టేజీ ఎక్కించలేదు, ఎందుకంటే అమ్మడానికి వాడి దగ్గర కోర్సు లేదు.

నిన్న మళ్లీ వాళ్ల దగ్గర్నుంచే మెయిల్ వచ్చింది, ఎర్లీ బర్డ్ ఆఫర్ అట. నేను వరంగల్ బస్సెక్కుతున్నా.