ఫ్లెక్సీ లోపల, మొక్కలు బయట

పోయిన వానాకాలం మన కాలేజీ వెనక స్థలంలో టేకు నాటాం, గుర్తుందా? ఫొటోలు ఇంకా స్టేటస్‌ల్లో ఉన్నాయి. మొక్కలే లేవు. నీళ్లు పోయక చచ్చాయని అందరూ అంటున్నారు. నేనైతే నాటకముందే చచ్చాయంటాను. అందులో నా పాత్ర కూడా ఉంది.

ఆ రోజు నాటినవి కవర్లలో పెంచిన మొక్కలు కావు, టేకు స్టంపులు. నర్సరీలో ఏడాది పెరిగిన మొక్కను పీకి, పైన రెండు మూడు సెంటీమీటర్ల కాండం, కింద జానెడు తల్లివేరు ఉంచి మిగతాది కోసేస్తారు. ఆకూ ఉండదు, మట్టీ ఉండదు. ఒక బస్తాలో వందలు పడతాయి. చిక్కల్లా ఒకటే. ఆకున్న మొక్క ఎండుతుంటే వాడిపోయి చెబుతుంది. స్టంపు చూడ్డానికి ఎప్పుడూ కట్టెముక్కే.

తడి గోనెలో చుట్టిన కట్టలు బుధవారం వచ్చాయి. ముఖ్య అతిథి వచ్చింది శనివారం. లెక్కపెట్టడానికి గోనె విప్పింది నేనే. మళ్లీ చుట్టలేదు. మూడు రోజులు ఎండ పడే గచ్చు మీదే ఉన్నాయి. ఫ్లెక్సీని మాత్రం తడవకుండా స్టోర్ రూమ్‌లో పెట్టాం.

మా తోటమాలి బుధవారం సాయంత్రమే ఒక కట్ట తీసుకెళ్లి మెస్ గోడ పక్కన నాటాడు. ఆయనా వానకే వదిలేశాడు. అవి ఇప్పుడు నడుమెత్తు ఉన్నాయి. వెళ్లి చూడండి.

వరినారు పీకితే ఆ పూటో మర్నాడో నాటు పడాల్సిందేనని మనలో సగంమందికి ఇంటి దగ్గరే తెలుసు. కాలేజీకొచ్చాక ఎందుకు మర్చిపోయాం? 'ఫ్రీగా వచ్చినవే కదా' అంటే, వాటి వెనక నర్సరీలో ఎవరిదో ఏడాది కష్టం ఉంది.

ఆలస్యం తప్పదనుకుంటే దారి లేకపోలేదు. నీడలో గుంత తీసి, స్టంపుల్ని పొరలుపొరలుగా ఇసుకలో పాతిపెడితే వారాల తరబడి నిలవుంటాయి. బకెట్ నీళ్లలో ముంచి వదిలేస్తే మాత్రం గాలాడక వేరు కుళ్లుతుంది.

కాబట్టి ఈసారి ముందు గుంతలు తవ్వుదాం. మంచి వాన పడ్డాకే కట్టలు తెప్పిద్దాం. అతిథి ఆ రోజుకి కుదిరితే వస్తారు, లేదంటే లేదు. కట్టలు వచ్చిన దగ్గర్నుంచి నాటేదాకా కాపలా నేనుంటాను. ఇంకొకరు తోడు కావాలి. ఎవరొస్తారు?