తరగతిలో తెర: చూపు నిలిస్తే చదువు నిలుస్తుందా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకూ, వారికి బోధించే ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లను పంపిణీ చేసింది. ఇంటర్నెట్ లేకపోయినా చూసుకోగలిగేలా బైజూస్ సంస్థ పాఠాలను వాటిలో ముందే నింపి ఇచ్చారు. ‘మన బడి నాడు-నేడు’ పథకం కింద బాగుచేసిన ఉన్నత పాఠశాలల్లో ఐఎఫ్‌పీలు, అంటే వేలితో తాకి రాయడానికీ, వీడియోలు చూపించడానికీ వీలున్న పెద్ద తెరలు, గోడలకెక్కాయి. ఇంత ఖర్చుకు ఆధారమైన నమ్మకం ఏమిటంటే, పాఠం తెర మీదికి వస్తే పిల్లలకు చదువు మీద ఆసక్తి కలుగుతుందని, ఆసక్తి కలిగితే ఫలితాలు వాటంతట అవే మెరుగవుతాయని. ఇందులో మొదటి మాటలో కొంత నిజం ఉంది. రెండో మాట మాత్రం తెర వెనుక జరిగే ఏర్పాటు మీద ఆధారపడి ఉంటుంది.

తరగతి గదిలో పిల్లల దృష్టిని ఆకట్టుకోవడం ఒక పని, నేర్చుకోవాలన్న కోరికను వారిలో నిలబెట్టడం మరొక పని. కొత్త వస్తువు, రంగు, కదలిక, ధ్వని మొదటి పనిని సులభంగా చేస్తాయి గానీ కొత్తదనం అరిగిపోగానే ఆ ఆకర్షణ కూడా తరిగిపోతుంది. రెండోదాన్ని విద్యా మనస్తత్వ శాస్త్రం ప్రేరణ అంటుంది: కష్టమైన లెక్క ఎదురైనప్పుడు దాన్ని వదిలేయకుండా మళ్లీ ప్రయత్నించేలా చేసే లోపలి బలం అది. పరికరాలను కొనే ముందు ఈ రెండింటినీ విడివిడిగా చూడని ప్రభుత్వాలు మొదటిదాన్ని సాధించి రెండోది కూడా సాధించామని భావించే ప్రమాదం ఉంది.

తెర ద్వారా బోధన తెలుగు పల్లెలకు కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం సహాయంతో ఇస్రో నిర్వహించిన ‘సైట్’ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్‌ను తీసుకువెళ్లింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం పూట బడి పిల్లల కోసం వారి భాషలోనే కార్యక్రమాలు ప్రసారమయ్యేవి. అది సాహసోపేతమైన, గౌరవించదగిన ప్రయత్నం. అయితే ప్రసారానికి స్వభావసిద్ధమైన పరిమితి ఒకటి అప్పుడే కనిపించింది. అర్థం కాని పిల్లవాడి కోసం అది ఆగదు, తప్పు జవాబు చెప్పినవాడిని సరిదిద్దదు. నేడు ఐఎఫ్‌పీని వీడియోలు వేసి చూపించడానికి మాత్రమే వాడే తరగతి, సాంకేతికంగా ఎంత ముందుకు వచ్చినా, బోధన రీత్యా ఆ ప్రసార దశలోనే ఉన్నట్టు లెక్క.

పరికరాన్ని పిల్లల చేతికి ఇచ్చినంత మాత్రాన ఏమవుతుందో దక్షిణ అమెరికాలోని పెరూ దేశం చూపించింది. ‘పిల్లవాడికొక ల్యాప్‌టాప్’ కార్యక్రమాన్ని పెద్ద ఎత్తున చేపట్టిన ఆ దేశంలో 319 గ్రామీణ పాఠశాలల మీద జరిగిన అధ్యయనం ఫలితాలు 2012లో వెలువడ్డాయి. ఒక్కో విద్యార్థికి సగటున 0.12గా ఉన్న కంప్యూటర్ల సంఖ్య 1.18కి పెరిగినా, గణితం, భాషల పరీక్షల్లో మార్కులు పెరిగిన దాఖలా పరిశోధకులకు కనిపించలేదు. యంత్రంతో ఏ పాఠం, ఎప్పుడు, ఎవరి మార్గదర్శకత్వంలో నేర్చుకోవాలన్న ఏర్పాటు బలంగా లేకపోతే యంత్రం యంత్రంగానే మిగులుతుంది.

దీనికి భిన్నమైన ఫలితం ఢిల్లీలో వచ్చింది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనం ‘మైండ్‌స్పార్క్’ అనే బోధన సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించింది. ఎడ్యుకేషనల్ ఇనీషియేటివ్స్ సంస్థ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ ముందుగా విద్యార్థి స్థాయిని కొలిచి, అతడు చదువుతున్న తరగతిని బట్టి కాక అతడికి వచ్చినదాన్ని బట్టి ప్రశ్నలు ఇస్తుంది, తప్పు ఎక్కడ జరుగుతోందో గుర్తించి తదుపరి ప్రశ్నను మారుస్తుంది. బడి సమయం వెలుపల నడిచిన కేంద్రాల్లో పిల్లలు రోజుకు 45 నిమిషాలు కంప్యూటర్ మీద, మరో 45 నిమిషాలు చిన్న బృందంలో సహాయక బోధకుల దగ్గర గడిపేవారు. నాలుగున్నర నెలల్లో వారు గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేర ముందంజ వేశారు. అంత తక్కువ కాలంలో ఇది చాలా పెద్ద మార్పు. ప్రామాణిక విచలనం అంటే విద్యార్థుల మార్కులు సగటు నుంచి ఎంత దూరంగా పరచుకుని ఉన్నాయో చెప్పే కొలత.

ఆ అధ్యయనంలో అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. అక్కడి ఆరో తరగతి విద్యార్థి గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నాడు. అంటే అతడు ప్రతిరోజూ తనకు అందని పాఠం ముందు కూర్చుంటున్నాడు. అలాంటి పిల్లవాడిలో కనిపించే నిరాసక్తతను బద్ధకంగానో క్రమశిక్షణా లోపంగానో చూడడం అన్యాయం, ఎందుకంటే ఎంత ప్రయత్నించినా ఫలితం రాని చోట మనిషి ప్రయత్నం మానేయడం సహజం. మన దేశ గ్రామీణ ప్రాంతాల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతమేనని, పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్-2024 సర్వే నివేదిక చెప్పింది. కనుక ప్రేరణ సమస్యగా కనిపించేదానిలో అధిక భాగం నిజానికి స్థాయి సమస్య.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ ప్రతిపాదించిన స్వయం నిర్ణయ సిద్ధాంతం కూడా ఇక్కడికే తీసుకువస్తుంది. ‘ఇది నాకు చేతనవుతుంది’ అన్న నమ్మకం, తన పనిలో తనకు కొంత ఎంపిక ఉండడం, చుట్టూ ఉన్నవారు తనను పట్టించుకుంటున్నారన్న భావన అనే మూడింటి మీద లోపలి ప్రేరణ నిలుస్తుందని వారు వివరించారు. స్థాయికి తగిన ప్రశ్న ఇచ్చే సాఫ్ట్‌వేర్ మొదటిదాన్ని అందించగలదు, రెండోదాన్ని కొంతవరకు ఇవ్వగలదు. మూడోదాన్ని ఇవ్వగలిగింది ఉపాధ్యాయుడూ తోటి పిల్లలూ మాత్రమే.

పాయింట్లు, నక్షత్రాలు, బ్యాడ్జీలతో పిల్లలను ఆకర్షించే యాప్‌ల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ బొమ్మలు వేయడం ఇష్టపడే శిశు పాఠశాల పిల్లల్లో కొందరికి, వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొద్ది రోజుల తర్వాత బహుమతి ప్రస్తావన లేకుండా రంగు పెన్నులు అందుబాటులో ఉంచినప్పుడు, ఆ పిల్లలు మిగతావారికంటే తక్కువ సేపు బొమ్మలు వేశారు. చెప్పకుండా అదే పత్రం ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఆ తగ్గుదల కనిపించలేదు. బహుమతి చెడ్డదని దీని అర్థం కాదు. బేరంగా మారిన బహుమతి, ఉన్న ఇష్టాన్ని కూడా తినేయగలదని అర్థం. ర్యాంకుల పట్టికల మధ్య పెరుగుతున్న తెలుగు పిల్లల విషయంలో ఈ సంగతిని మరింత జాగ్రత్తగా ఆలోచించాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సాంకేతికత నిజంగా ఆదుకోగల చోటు ఒకటుంది. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం విస్తరించాక, ఒక పుటలో ఇంగ్లిష్, ఎదుటి పుటలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. లెక్క తెలిసినా భాష అడ్డుపడి ఆగిపోయే పిల్లవాడికి, అదే భావనను తెలుగులో వినిపించి, ఇంగ్లిష్ పదాన్ని మెల్లగా పరిచయం చేసి, ఎన్నిసార్లయినా విసుగు లేకుండా తిరిగి చెప్పగలిగే సాఫ్ట్‌వేర్ గొప్ప సహాయమవుతుంది. తెలంగాణలో 2025లో కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి మొదలైన కృత్రిమ మేధ ప్రయోగాన్ని ఈ దృష్టితోనే గమనించాలి.

అయితే ఉపాధ్యాయుడికి శిక్షణ, సమయం ఇవ్వకుండా ఇవేవీ నడవవు. ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో సాఫ్ట్‌వేర్ చూపిస్తే, దాన్ని చూసి ఆ పిల్లవాడి పక్కన కూర్చునే తీరిక టీచరుకు ఉండాలి. ఫొటోల అప్‌లోడులు, యాప్‌లలో హాజరు, నివేదికలతో ఆ తీరికను హరించే వ్యవస్థ, సాంకేతికతను ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో దాని ప్రయోజనాన్ని లాక్కుంటోంది.

ఎనిమిదో తరగతిలో ట్యాబ్ అందుకున్న 2022-23 విద్యార్థులు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలకు చేరుకోవలసిన బృందం. వారు ఆ ట్యాబ్‌లను ఎంతసేపు, దేనికి వాడారో, ఏ స్థాయి పిల్లలకు ఎంత మేలు జరిగిందో స్వతంత్ర పరిశోధకుల చేత మదింపు చేయించి, ఆ ఫలితాలను తల్లిదండ్రుల ముందూ ఉపాధ్యాయ సంఘాల ముందూ ఉంచాలి. ఆ పని పూర్తయ్యాకే తదుపరి విడత పరికరాలకు టెండర్లు పిలవాలి.