పాత డబ్బాను కిలోల లెక్కన అమ్మే ముందు

బతుకమ్మకు వారం ముందు బోధన్‌లో మా వదిన ఇంటికి వెళ్ళాను. మా వారి అక్కయ్య ఆవిడ. పండుగకు ఇల్లు దులపాలి, ఒక్కదాన్ని చేసుకోలేనని ఫోన్ చేసింది. సజ్జ మీది సామాను దింపి, బిందెలు తోమి, లోపలి గదిలోకి వెళ్తే మూలన దుప్పటి కప్పిన కంప్యూటర్ కనిపించింది. అన్నయ్య పోయి మూడేళ్ళయింది. అప్పట్నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో మైకు వినిపించింది. పాత ఇనుప సామాను, పాత టీవీలు, కంప్యూటర్లు కొంటామని.

"గా డబ్బా ఇచ్చేద్దాం తియ్యే. ఎప్పుడో ఖరాబైంది, ఉత్తగ జాగ దండుగ" అంది వదిన. ఆటో అతను వచ్చి చూసి రెండు వందలిస్తానన్నాడు.

నేను ఆగమన్నాను. ఎందుకంటే అది మామూలు ఇంటి కంప్యూటర్ కాదు.

అన్నయ్య శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవారు. నిజాం కాలంలో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మనవాళ్ళు గొప్పగా చెప్పుకున్న ఫ్యాక్టరీ అది. 2015 డిసెంబరులో లేఆఫ్ అని బోర్డు పెట్టేశాక ఎందరి బతుకులో రోడ్డున పడ్డాయి. అన్నయ్య ఉన్న కొద్ది డబ్బుతో చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకున్నారు. ఆయన పోయేదాకా ఇల్లు దాని మీదే నడిచింది. షాపు ఎత్తేసినప్పుడు ఇంటికొచ్చిన డబ్బా ఇది.

మా జిల్లాలో జిరాక్స్ సెంటర్‌కు ఎవరొస్తారో మీకు చెప్పనక్కర్లేదు. దుబాయ్, మస్కట్ పోయేవాళ్ళు పాస్‌పోర్టు పట్టుకొని వస్తారు. బీడీలు చుట్టే ఆడవాళ్ళు పీఎఫ్ కాగితాలు, పెన్షన్ దరఖాస్తులు తెస్తారు. రైతులు పట్టాదారు పాస్‌బుక్కులు, ఆడపిల్లలు హాస్టల్ అప్లికేషన్లు, ఫోటోలు తెస్తారు. అవన్నీ స్కాన్ అయ్యేది ఆ డబ్బాలోనే.

దసరా సెలవులకు వచ్చిన మా అబ్బాయిని కూడా వెంట తీసుకెళ్ళాను. వాడు స్క్రూలు విప్పి, లోపలున్న హార్డ్ డిస్క్‌ను బయటికి తీసి, ఒక కేబుల్‌తో తన ల్యాప్‌టాప్‌కు పెట్టాడు. కంప్యూటర్ ఆన్ కాకపోయినా డిస్క్ బాగానే ఉంది. సంవత్సరాల వారీగా ఫోల్డర్లు. గల్ఫ్ అని ఒకటి, బీడీ అని ఒకటి, పట్టా అని ఒకటి. లోపల వందల ఆధార్ కార్డులు, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీలు, సంతకాలు, పాస్‌పోర్టులు. డిలీట్ చేసినవి కూడా సగానికి సగం ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్‌తో బయటికి వచ్చాయి.

వదిన మంచం మీద కూలబడింది. "ఆయన ఎప్పటికప్పుడు తీసేస్తుండె గదనే!" అంది.

తీసేసే ఉంటారు పాపం. కానీ డిలీట్ నొక్కితే పోయేది ఫైలు కాదు, ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే గుర్తు మాత్రమే. పుస్తకంలో విషయసూచిక పేజీ చింపేస్తే పాఠాలు చెరిగిపోతాయా? అలాగే ఇదీ. ఆ చోట కొత్తది రాసేదాకా పాతది అలాగే పడుంటుంది. క్విక్ ఫార్మాట్ చేసినా అంతే. 2003లో అచ్చయిన ఒక పరిశోధన కోసం అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 158 పాత హార్డ్ డిస్కులు కొని చూశారు. వాటిలో పనిచేసేవి 129. సరిగ్గా శుభ్రం చేసి అమ్మినవి పన్నెండంటే పన్నెండే. మోర్గాన్ స్టాన్లీ అనే అంత పెద్ద సంస్థ కూడా పాత డిస్కులను ఈ పని తెలియని వాళ్ళ చేతికిచ్చి, అందులోని ఖాతాదారుల వివరాలతో సహా అవి వేలంలో అమ్ముడుపోయేలా చేసుకుంది. 2022లో అక్కడి ప్రభుత్వ సంస్థ మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

అదంతా అమెరికా అంటారా? మన కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టే గోదావరి ఒడ్డునే గోదావరిఖని ఉంది. 2024 ఆగస్టులో అక్కడ పోలీసులు బీహార్ నుంచి వచ్చిన ముగ్గురిని పట్టుకున్నారు. వాళ్ళ దగ్గర దాదాపు 4,000 పాత మొబైల్ ఫోన్లు దొరికాయి. ఊళ్ళలో తిరిగి చవగ్గా సేకరించినవి. సైబర్ మోసాలు చేసేవాళ్ళకు చేరవేయడానికేనని పోలీసులు చెప్పారు. అలా తిరిగేవాళ్ళు గడపలోకి వచ్చినప్పుడు పాత ఫోన్ తెచ్చి ఇచ్చేది ఎక్కువగా ఎవరు? మనమే.

అందుకే ఇది మగవాళ్ళ సంగతి, పిల్లల సంగతి అని ఊరుకోకూడదంటాను. కంప్యూటర్ కొనేటప్పుడు మనల్ని ఎవరూ అడగరు. కానీ అది పాడై మూలన పడ్డాక బయటికి పంపేది మనమే. పంపేది మనమైతే, ఎలా పంపాలో తెలుసుకోవలసిందీ మనమే.

"మన దగ్గరేముందని ఎవరు చూస్తారు?" అనేవాళ్ళున్నారు. ఆ డబ్బాలో ఉన్నవి మనవి కావు కదా. ఒక బీడీ కార్మికురాలికి నెలకొచ్చే 2,016 రూపాయల పెన్షన్ పడే ఖాతా వివరాలవి. ఒకమ్మాయి ఫోటో అది. కాగితమైతే చింపి పడేస్తాం. అదే డిస్క్ అయ్యేసరికి తూకానికి అమ్మేస్తాం. నమ్మి చేతికిచ్చినవాళ్ళ మాటేమిటి? అలాగని తుక్కు ఆటో అతన్ని దొంగలా చూడమని నేననను. అతని బతుకు అతనిది. దాన్ని అలా ఇవ్వడం మన తప్పు.

మేం చేసింది చెప్తాను. ముందు ఉంచుకోవలసినవి వేరు చేశాం. తొందరపడి పారేసినా కష్టమే. బ్రిటన్‌లో జేమ్స్ హౌవెల్స్ అనే ఆయన వేల బిట్‌కాయిన్ల తాళం ఉన్న హార్డ్ డిస్క్ 2013లో చెత్తలో పడి, దానికోసం ఏళ్ళ తరబడి తిరిగి, చివరికి కోర్టుకు కూడా వెళ్ళాడు. మా వదినకు బిట్‌కాయిన్లు లేవు గానీ, ఫ్యాక్టరీ దోస్తులతో అన్నయ్య ఫోటోలు, మా అత్తమ్మ పాడిన బతుకమ్మ పాట రికార్డు అందులోనే దొరికాయి. వాటిని రెండు పెన్‌డ్రైవ్‌లలో దాచాం.

తర్వాత మా వాడు డిస్క్‌ను క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి పూర్తిగా ఫార్మాట్ చేశాడు. అలా చేస్తే డిస్క్ మొత్తం సున్నాలు రాస్తుందట. నాలుగైదు గంటలు పట్టింది. ఆ పైన పెంకు విప్పి లోపలి పళ్ళేలను సుత్తితో వంచేశాం. ల్యాప్‌టాప్ డిస్కుల్లో పళ్ళేలు చాలావరకు గాజువి, పెంకులు కళ్ళలో పడతాయి కాబట్టి మందపాటి గుడ్డలో చుట్టి కొట్టాలి.

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఎస్ఎస్‌డీ వేరే రకం. వాటిలో పైన రాసినా కొన్ని చోట్ల పాతది మిగిలిపోవచ్చు. లోపలి నల్లటి చిప్ విరిగేదాకా కొట్టడమే సులువు. అయస్కాంతం వాటికి పనిచేయదు. సీడీల్లో సమాచారం ఉండేది పేరు రాసుకునే వైపు పొర కిందే. ఆ వైపు గట్టిగా గీకి, కవర్‌లో పెట్టి కత్తెరతో ముక్కలు చేయండి. ఏదీ పొయ్యిలో వేయకండి, ఆ పొగ విషం. ఫోన్ అయితే అకౌంట్లు తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్, మెమరీ కార్డు బయటికి తీశాకే ఇవ్వండి. రీసెట్ చేసినంత మాత్రాన మెమరీ కార్డు చెరగదు.

2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని రిజిస్టరైన రీసైక్లర్లకే చేర్చాలి. మేం ముక్కలన్నీ మూట కట్టి హైదరాబాద్‌లో ఒకచోట ఇప్పించాం. కానీ బోధన్ నుంచి ప్రతి ఇల్లాలూ హైదరాబాద్ పోగలదా? తడి చెత్త, పొడి చెత్త తీసుకెళ్ళడానికి రోజూ మన గుమ్మం ముందుకు వచ్చే బండే నెలకొకసారి వీటినీ తీసుకెళ్ళే ఏర్పాటు ఉండాలి. మున్సిపాలిటీలో, మహిళా సంఘాల మీటింగుల్లో మనం అడగాల్సిన మాట ఇది.

ఇంకోటి. జిరాక్స్ సెంటర్‌కు వెళ్ళినప్పుడు పని అయ్యాక మన ఫైలు మన ముందే తీసేయమని అడగండి. పూర్తిగా పోకపోయినా, అడిగేవాళ్ళున్నారని తెలిస్తే వాళ్ళూ జాగ్రత్తగా ఉంటారు.

ఆటో అతనికి రేకు డబ్బా మాత్రం ఇచ్చాం. అరవై రూపాయలొచ్చాయి. వదిన ఆ డబ్బును చాలాసేపు చేతిలో పట్టుకొని, "రెండు నూర్లకు ఊరోళ్ళ కాయితాలన్నీ అమ్ముకుందునే" అంది. ఒక పెన్‌డ్రైవ్‌ను బీరువాలో పట్టా కాగితాల పక్కన పెట్టింది. రెండోది నా దగ్గరుంది.