గ్యాప్ అంటే ఖాళీ కాదు

ప్లేస్‌మెంట్ ఫారం నింపిన ప్రతి ఒక్కరికీ ఆ గడి తెలుసు. చదువులో గ్యాప్ ఉందా, ఉంటే కారణం రాయండి. డెంగ్యూ వచ్చో, ఇంట్లో ఎవరికో ఆపరేషన్ అయ్యో ఒక ఏడాది పోయినవాళ్లకి అక్కడ చెయ్యి ఆగిపోతుంది. 'అనారోగ్య కారణాలు' అని రెండు ముక్కలు రాసేసి ముందుకెళ్తారు. ఆ ఏడాదిలో ఏం చూశావు, ఏం చేశావు అని ఎవరూ అడగరు.

ఆలస్యాన్ని మనం తప్పుగా లెక్కేస్తున్నామని నా అభిప్రాయం. అందుకు నా సాక్ష్యం ఒక పిల్లల బొమ్మల పుస్తకం. నవ్వకండి, చదవండి.

మారిస్ సెండాక్ 1928లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. అమ్మానాన్నలు పోలండ్ నుంచి వలస వచ్చిన యూదులు. చిన్నతనమంతా ఏదో ఒక జబ్బు: తట్టు, న్యుమోనియా, స్కార్లెట్ ఫీవర్. పిల్లాడు దక్కుతాడా అని ఇంట్లో భయం. మిగతా పిల్లలు వీధిలో ఆడుతుంటే ఇతను మంచం మీద నుంచి కిటికీలోకి చూస్తూ బొమ్మలు వేసేవాడు.

పెద్దయ్యాక అదే వృత్తి అయింది. 1955లో ఒక చిన్న పుస్తకానికి డమ్మీ తయారుచేశారు. పేరు తెలుగులో చెప్పాలంటే 'అడవి గుర్రాలు ఉండే చోటు'. ఎడిటర్ అర్సులా నార్డ్‌స్ట్రామ్‌కి ఆ పేరు బాగా నచ్చింది. చిక్కల్లా ఒక్కటే, ఆయనకి గుర్రాలు గీయడం రాదు!

ఆ పుస్తకం చివరికి 1963లో వచ్చింది. పేరు 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్'. గుర్రాలు పోయి వాటి స్థానంలో పెద్ద పళ్లూ గోళ్లూ ఉన్న వింత జంతువులు వచ్చాయి. అవి ఎక్కడివో తెలుసా? చిన్నప్పుడు ఇంటికొచ్చి బుగ్గలు గిల్లుతూ, నిన్ను తినేస్తానంటూ ముద్దుచేసిన చుట్టాలు! 1955లోనే పుస్తకం అచ్చయి ఉంటే మనకి మిగిలేది గుర్రాలే.

ఈ ఎనిమిదేళ్లూ ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. వేరేవాళ్ల కథలకి వరసగా బొమ్మలు వేశారు, సొంత పుస్తకాలూ తెచ్చారు. ఆ సాధన ఫలితం పేజీల్లో కనిపిస్తుంది. మొదట్లో బొమ్మ చిన్నది, చుట్టూ తెల్లటి ఖాళీ. పిల్లాడి ఊహ పెరిగేకొద్దీ బొమ్మ పెరుగుతూ పోయి, చివరికి రెండేసి పేజీలు నిండిపోతాయి, మాట ఒక్కటీ ఉండదు. వాడు ఇంటిదారి పట్టాక బొమ్మ మళ్లీ తగ్గుతుంది. ఆఖరి పేజీలో మాటలే, బొమ్మ లేదు. మొత్తం 338 ఇంగ్లీషు పదాలు. మన ల్యాబ్ రికార్డులో ఒక్క ప్రయోగానికే అంతకంటే ఎక్కువ రాస్తాం.

పిల్లలు జడుసుకుంటారని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. 1964లో అదే పుస్తకానికి కాల్డెకాట్ మెడల్ వచ్చింది.

ఇక నమ్మకం సంగతి. సెండాక్ దేవుణ్ణి నమ్మేవారు కాదు, నమ్మేవాళ్లకి బతుకు కాస్త తేలికని అనేవారు. ఆయన్ని నిలబెట్టింది ఇంకో రకం నమ్మకం. తాను టాల్‌స్టాయ్ అంతటివాణ్ణి కానని 1961లో ఆయన దిగులుపడితే, నార్డ్‌స్ట్రామ్ పెద్ద ఉత్తరం రాసి ధైర్యం చెప్పారు. గీయడం రాని గుర్రాల దగ్గరే ఆయన్ని వదిలేసి ఇంకొకర్ని వెతుక్కోలేదు.

1967లో గుండెపోటు. కోలుకుని 1970లో 'ఇన్ ద నైట్ కిచెన్' తెచ్చారు. 2007లో, యాభై ఏళ్లు కలిసి బతికిన సహచరుడు క్యాన్సర్‌తో చనిపోయారు. ఆ మంచం పక్కన సేవ చేస్తున్న రోజుల్లోనే పుట్టినరోజు పండగ చేసుకునే ఒక పందిపిల్ల పుస్తకం మీద పనిచేశారు. 'బంబుల్-ఆర్డీ' 2011లో వచ్చింది, అప్పటికి ఆయనకి 83. కథా బొమ్మలూ రెండూ తనవే అయిన పుస్తకం అంతకుముందు వచ్చింది 1981లో. అంటే ముప్ఫై ఏళ్ల గ్యాప్!

అలాగని సబ్మిషన్లు ఎగ్గొట్టమని నేను చెప్పట్లేదు. జబ్బు చేస్తే కళ వస్తుందనీ కాదు. జబ్బు జబ్బే, అది ఎవరికీ మేలు చెయ్యదు. మంచం మీద ఉన్నప్పుడు ఏమీ చెయ్యలేకపోయినా అది తప్పేం కాదు. నేను అడిగేది చిన్నది. పని ఆగినంత మాత్రాన మనిషి అయిపోయాడని తేల్చెయ్యకండి.

మన క్లాసులోనూ కింది బ్యాచ్‌తో కలిసి కూర్చునేవాళ్లు ఉన్నారు. వాళ్లని 'ఎన్ని బ్యాక్‌లాగ్స్ రా?' అని అడగడం మానేద్దాం. 'ఏమైనా రాశావా, గీశావా? సగమే అయినా సరే, చూపించు' అని అడుగుదాం. మన క్లబ్బు చెయ్యగలిగిన పనుల్లో ఇది అన్నింటికంటే చవకైనది. గుర్రాలు రానివాళ్ల దగ్గర ఇంకేం ఉందో అడిగితేనే కదా తెలిసేది.